జలపాతం కింది బండ

మందస దాటాక కొండల్లో ఎత్తైన జలపాతం ఒకటుంది. అక్కడ ఎవరినీ పేరుపెట్టి పిలవకూడదంటారు. నీటిలో ఉండే కన్య ఆ పేరు విని, తర్వాత తానే పిలిచి లాక్కుపోతుందట.

ఒక వానాకాలం పలాస నుంచి మా ఇంటివాళ్లం అక్కడికి వెళ్లాం. ఆటో దిగి, జీడితోటల పక్కనుంచి రాళ్లదారిన చాలాసేపు ఎక్కాం. మగవాళ్లు ఇంకా పైకి వెళ్తే, నేనూ మా పెద్ద తోటికోడలూ జలపాతం కింద, వాగు మధ్యనున్న బండ మీద కూర్చున్నాం. పైన ఎక్కడో వాన కురిసినట్టుంది. చూస్తుండగానే వాగు ఎర్రగా పొంగి, రెండు వైపులా దారి మూసేసింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. భయంతో మా ఆయన్ని పేరుపెట్టి కేకేయబోతే ఆమె నా నోరు మూసింది.

"ఓలమ్మ, పేరెట్టి పిలవకే! కూసో. నీరు తగ్గాక మగోలే వత్తారు."

"నీకు భయం లేదా అక్కా?"

"భయమేటి? పెళ్లయిన కాడ్నుంచి ఇంతసేపు ఎప్పుడు కూకున్నాన్నేను? ఇక్కడికొచ్చి కూడెట్టమని ఎవులడుగుతారు?"

ఇన్నేళ్లుగా ఒకే వంటింట్లో పనిచేస్తున్నా, ఆమె నోట అలాంటి మాట వినలేదు. నీళ్లు పాదాలకు తగులుతుంటే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పొద్దు వాలేసరికి నీరు తగ్గింది. మగవాళ్లు కిందికి దిగొచ్చి, జీడితోటలో అడిగి తెచ్చిన తాడు విసిరి మమ్మల్ని గట్టుకు చేర్చారు.

ఇంటికొచ్చాక ఆమెను కూర్చోమని, వంట నేనొక్కదాన్నే మొదలుపెట్టాను. ఆమె గుమ్మంలో కూర్చుంది. కానీ మాతో రాకుండా ఇంట్లోనే ఉన్న అత్తగారు ఏమంటారోనని మాటిమాటికీ లేచి వంటింట్లోకి తొంగిచూస్తూనే ఉంది.