సాళ్ళ మధ్య అనపకాయలు

మా రెండెకరాలు గని కిందికి పోయాయి. గని మూతపడ్డాక మిగిలింది బూడిదరంగు పొడి దిబ్బ. దాన్ని మళ్ళీ నేల చేసే పనిలో నేను సూపర్‌వైజర్‌ని, అమ్మ కూలి. చెరువు మట్టి తోలించి, గొర్రెల ఎరువు కలిపి, వట్టివేరు, కానుగ నాటాం. అడుగున ఇంకా విషం ఉందని, తినే పంట వేస్తే అది గింజలోకి వస్తుందని ఆఫీసరు నాకు చెప్పాడు. నేను కూలీలకు ఏం చెప్పాను? "వేరే విత్తనం వేస్తే పనిలోంచి తీసేస్తా" అన్నాను, అంతే. ఎందుకో చెప్పలేదు. పైగా వట్టివేరు పచ్చబడగానే మట్టి బాగైపోయిందని అందరి ముందూ మురిశాను. నా పెద్దరికం తగలెయ్య!

చలికాలంలో ఒక మధ్యాహ్నం దిబ్బ వెనక్కి వెళ్తే, వట్టివేరు వరసల మధ్య అనప చెట్లు. కాయలు కోసేసి ఉన్నాయి. మా వైపు శనక్కాయ సాళ్ళ మధ్య కందో అనపో వేయకుండా ఎవరూ వదలరు. నాకు ఒళ్ళు మండింది. అమ్మను పిలిచాను.

"ఎవరేసినారివి?"

"నేనే. జాగా ఊరికే పడుండాది కదా."

"దీంట్లో విషముందమ్మా!"

"మట్టి బాగైందని నువ్వే అంటివి గదా పాపా. అంత ఎరువు పోసినాంక ఇంకా విషం యాడుంటాది?"

కోసిన కాయలేవని అడిగాను.

"గింజలు నానేసి, తోలు పితికి పితికిపప్పు చేస్తి. నిన్న నువ్వూ తింటివే. మిగిలినవి వీధిలో పంచితి. ఇన్నేండ్లకు మన నేల కాసింటే ఇంట్లోనే పెట్టుకుంటామా?"

ఇల్లిల్లూ తిరిగాను. అందరూ వండుకు తినేశారు. అందరూ రుచి మెచ్చుకున్నారు. చివరింట్లో నెలలు నిండిన కోడలు నవ్వుతూ ఎదురొచ్చింది. "అనపకాయలు తినాలనిపిస్తాదంటే మీయమ్మ పదిదినాల నుంచి రోజూ తెచ్చిస్తాండాదక్కా" అంది. చెప్పక తప్పలేదు, చెప్పాను. వెనక వస్తున్న అమ్మ గడప బయటే ఆగిపోయింది.

మర్నాడు ఆ చెట్లన్నీ తనే పీకి, మేకలు తినకుండా గుంత తీసి పూడ్చింది.

ఆ బిడ్డకిప్పుడు మూడో నెల. బాగానే ఉందంటారు డాక్టర్లు. అమ్మ రోజూ వెళ్ళి వాకిట్లోంచే చూసి వస్తుంది. ఎత్తుకో పెద్దమ్మా అని బిడ్డ తల్లి ఎంత బతిమాలినా ఎత్తుకోదు.