బావ దిగినా తేలని పడవ

లావుగా ఉన్నవాళ్ల దగ్గర విమానాల్లో ఎక్కువ చార్జీ తీసుకోవాలని ఎవరో పేపర్లో రాస్తే, పొద్దున తిరుపతిలో బయలుదేరినప్పటి నుంచి మా బావ మండిపడుతూనే ఉన్నాడు. ఆయన భారీ మనిషి. తీరా పులికాట్‌లో పక్షులను చూద్దామని పడవ ఎక్కితే, పడవాయన కూడా అదే మాట అన్నాడు.

"ఏమనుకోవద్దన్నా, నువ్వు ఇద్దరి చార్జీ ఇయ్యాల. సూడు, నీళ్లు అంచు దాకా వచ్చేసుండాయి."

బావ మొహం ఎర్రబడింది. వెంటనే దిగి ఒడ్డున నిలబడ్డాడు. పడవలో అక్కా నేనూ మిగిలాం. పడవ మాత్రం కాస్త కూడా పైకి తేలలేదు. పడవాయన వంగి అడుగంతా తడిమి చూశాడు. పొడిగానే ఉంది. మమ్మల్ని కూడా దింపి, తనూ దిగాడు. ఖాళీ పడవ అంచు దాకా మునిగి అలాగే నిలబడింది.

"ఈ పొద్దుకు వద్దులేక్కా, పోండి," అన్నాడు పడవాయన నెమ్మదిగా. బావ వైపు తిరిగి, "బరువు నీది కాదన్నా," అన్నాడు.

తిరుగుదారిలో బావ అన్నాడు. "నేను పంతానికి పోకుండా ఇద్దరి చార్జీ ఇచ్చింటే, ఈపాటికి నడినీళ్లల్లో ఉందుము గదప్పా."

మీరైతే ఇచ్చేసేవారా?