ఎడమ వెనక చక్రం

ఆమెను వీధిలో అందరూ పళ్ళావిడ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు అరటిపళ్ళు దొరుకుతాయేమోనని సంచీ పట్టుకుని తలుపు తట్టడం కూడా జరిగింది. ఆవిడ చేసేవి కట్టుడు పళ్ళు. దంతవైద్యుడు పంపిన అచ్చు చూసి, మైనంలో చెక్కి, మనిషి నోట్లో ఇమిడేలా అరగదీస్తుంది. వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా నాలుక పట్టేస్తుందని, నాలుకను మోసం చెయ్యడం ఎవరివల్లా కాదని ఆవిడ మాట. అంత కచ్చితమైన మనిషి కొన్ని నెలలుగా ఒక కారుతో మాట్లాడుతోందంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

కారు ఆమె భర్తది. ఆయన ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగి. పగలంతా నడక, సాయంత్రమైతే కారు కింద పడక. మిరపపండు రంగు కారు, ముగ్గురి చేతులు మారి వచ్చింది. చిన్నదే గాని పొగరు పెద్దది. పందెం కార్ల జాతిదని ఆయన మురిసిపోయేవాడు. గట్టి స్ప్రింగులు వేసి నేలకు దించాడు. ఇంజను గాలి పీల్చే గొట్టం మార్చాడు. పొగగొట్టం కూడా మార్చేసరికి పక్కింటి ముసలాయన కిటికీ తెరవడం మానేశాడు. ఇంతా చేసి ఎప్పుడైనా జోరుగా నడిపాడా అంటే అదీ లేదు. స్పీడ్‌ బ్రేకరు కనబడితే చాలు, కారు పొట్ట గీసుకుంటుందని దిగి, వంగి చూసి మరీ దాటించేవాడు. గుర్రాన్ని కొనుక్కుని పక్కన నడిచిపోయే మనిషిని మిమ్మల్నే చూశానని ఆవిడ దెప్పేది.

మెకానిక్కు దగ్గరికి మాత్రం ఆ కారు ఏనాడూ వెళ్ళలేదు. ఇంకొకడి చెయ్యి పడితే అది నా కారెలా అవుతుందనేవాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. బోల్టు బిగించాక, దాని తల మీదనుంచి పక్కనున్న ఇనుము మీదికి ఆవిడ ఎర్ర గోళ్ళరంగుతో ఒక సన్నని గీత గీసేవాడు. బోల్టు ఏ కాస్త కదిలినా గీత తెగి కనిపిస్తుంది. "గీత లేనిది బిగించినట్టు లెక్క కాదు" అని కూతురికి కూడా నేర్పాడు. దూర ప్రయాణం ఉందంటే చక్రాలు విప్పి గీతలన్నీ చూడకుండా బయల్దేరనిచ్చేవాడు కాదు. ఆవిడ ఎప్పుడో ఒకసారి ముస్తాబవుదామని సీసా తెరిస్తే అడుగంటి ఉండేది.

ఆ పనుల్లో ఆవిడ వాటా టార్చి పట్టుకోవడం. కాపురంలో దాన్ని మించిన కష్టం లేదు. ఎటు పట్టినా తప్పే. "వెలుగు నాక్కావాలే, నీకు కాదు" అని కారు కిందనుంచి గొణుగుడు వినిపించేది. ఆయనకు ప్రాణంతో సమానమైన పొడుగు పానా ఒకటుంది. దానిమీద కావలసిన బిగువు పెట్టుకుని తిప్పితే, బోల్టు సరిగ్గా అంత బిగిసినప్పుడు చప్పుడు చేసి చాలంటుంది. ఆ చప్పుడు వింటే గాని ఆయనకు ఆకలి వేసేది కాదు.

ఒక మధ్యాహ్నం వెనక చక్రాలకు పెద్ద బ్రేకులు అమరుస్తూ, మంచినీళ్ళు తాగొస్తానని లోపలికి వచ్చాడు. గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. గుండె ఆగిపోయింది.

ఇల్లంతా మనుషులు నిండిపోయారు. వాకిట్లో కారు ఒక చక్రం ఊడి, జాకీ మీద ఒరిగి, వచ్చేపోయేవాళ్ళకు అడ్డంగా ఉంది. మరిదే పూనుకుని ఆ ఎడమ వెనక చక్రం తగిలించి, నట్లు బిగించి, జాకీ దించేశాడు. "వదినా, కారు సంగతి నేను చూశాను" అన్నాడు. సాయం చెయ్యబోయిన మనిషిని తప్పు పట్టలేం. చక్రం వెనకాల అన్న పని ఎక్కడ ఆగిందో అతనికేం తెలుసు? ఆ ఆలోచన ఆవిడకూ రాలేదు.

కొన్నాళ్ళకు ఆవిడ కారు తీసింది. బేకరీ ముందున్న స్పీడ్‌ బ్రేకరు దాటుతుంటే వెనకనుంచి 'టక్' మంది. ఆవిడ కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. ఆ చప్పుడు ఆవిడకు తెలుసు. ఆయన పేపరు చదువుకుంటున్నప్పుడు తను ఏదైనా అడిగితే, తల ఎత్తకుండా బల్ల మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టేవాడు. సరే అనడానికి కూడా బద్ధకమే మనిషికి. అచ్చం అదే చప్పుడు.

మర్నాడు అక్కడికి రాగానే నోరు తనంతట తనే తెరుచుకుంది. "ఏమండీ, వంటింటి కుళాయి కారుతోంది, బాగు చేయించనా?"

టక్.

అప్పటినుంచి రోజూ ఏదో ఒకటి అడగడం అలవాటైంది. మెల్లగా కిటుకు కూడా పట్టింది. అవుననిపించుకోవాలంటే స్పీడ్‌ బ్రేకరు ముందు అడిగేది, వద్దనిపించుకోవాలంటే నున్నటి రోడ్డు మీద. అది దొంగాట అని ఆవిడకు తెలియకపోలేదు. కానీ ఒక్కోసారి నున్నటి రోడ్డు మీద, ఏమీ అడగకుండా, ఉత్తినే ఏడుస్తూ నడుపుతుంటే కూడా అది టక్ మనేది. అప్పుడు మాత్రం అద్దంలో వెనక సీటు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే అంతకన్నా భయం.

ఇలా ఉండగా కూతురికి కొండల్లో ఊరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

"అమ్మా, కారు నేను తీసుకెళ్తాను. అక్కడ వేళాపాళా లేని డ్యూటీలు, బస్సులు దొరకవు. నువ్వు పళ్ళు చేసే ల్యాబు నడిచెళ్ళేంత దూరమేగా."

"కారు ఇవ్వను."

"ఎందుకివ్వవు?"

ఏమని చెబుతుంది? అంతకుముందే నున్నటి రోడ్డు చూసుకుని, పిల్లకు కారిచ్చి పంపించమంటారా అని అడిగింది. జవాబు రాలేదు. రాదని తెలిసే అడిగింది. "మీ నాన్నకిష్టం ఉండేది కాదు" అంది చివరికి.

"నాన్న నీకు కల్లోకొచ్చి చెప్పాడా?" అని కూతురు వెళ్ళిపోయింది. తండ్రి పట్టుదలే వచ్చింది దానికి. ఆదివారం పొద్దున్నే జాకీ తీసి కారు ఎత్తేసింది. "నువ్విచ్చినా ఇవ్వకపోయినా గీతలు చూడాలి కదా. టార్చి పట్టు."

మూడు చక్రాల్లోనూ గీతలు చెక్కుచెదరలేదు. రంగు మాసింది గాని ఎక్కడా తెగలేదు. ఎడమ వెనక చక్రం విప్పితే, బ్రేకు పలకను కరిచిపట్టే ఇనుప దవడ కనిపించింది. దానికి రెండు బోల్టులు. పైదానికి గీత ఉంది. కింది దానికి లేదు. కూతురు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. సీసా మూతలాగా తిరిగింది. దవడను పట్టి ఊపితే ఊడబోయే పన్నులా ఊగి, టక్ మంది.

టార్చి వెలుగు గోడ మీదికి జారిపోయింది.

ఇన్నాళ్ళూ తను మాట్లాడింది మొగుడితో కాదు, ఊడిపోతున్న బోల్టుతో. ఇంకాస్త తిరిగి ఉంటే ఏ మలుపులోనో బ్రేకు ఊడి చక్రానికి అడ్డం పడేది. అది కొండ రోడ్డు మీద, పిల్ల ఒక్కత్తీ ఉండగా జరిగితే? వంటింటి కుళాయి దగ్గర్నుంచి పిల్ల బతుకు దాకా అన్నీ దీన్నే అడిగానా అనుకుంది పళ్ళావిడ.

"అమ్మా, ఈ చప్పుడు నీకు వినబడలేదా?"

"వినబడింది."

"మరి చెప్పలేదేం?"

కూతురు ఆ బోల్టును వేళ్ళతోనే పూర్తిగా విప్పి తీసేసింది.

"నేనూ విన్నాను. నేనూ చెప్పలేదు. బాగు చేయిస్తే నాన్న చప్పుడు పోతుందని" అంది.

ఆయన బ్రేకులతోపాటు కొనిపెట్టిన పొట్లంలో రెండో కొత్త బోల్టు అలాగే ఉంది; ఊగినది ఆయన అప్పటికి చేత్తో తగిలించి వదిలిన పాతది. కూతురు దాన్ని చేత్తో ఎక్కించి పొడుగు పానా అందుకోబోతే, ఆవిడ పట్టుకుంది. "నాకివ్వు. నువ్వు టార్చి పట్టు."

పానా తగిలించాక చెయ్యి సాగలేదు. బిగిస్తే ఆయన పోతాడు. బిగించకపోతే పిల్ల పోతుంది. ఇంత తేలికైన లెక్కకు కూడా చెయ్యి కదలకపోవడం ఏమిటని ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"వెలుగు నాక్కావాలే, నీకు కాదు" అంది. గొంతు తనదేనా అనిపించింది. కూతురు గబుక్కున టార్చి సర్దింది.

ఆవిడ పానా లాగింది. ఈసారి ముందర స్పీడ్‌ బ్రేకరు లేదు. చప్పుడు ఎక్కడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆవిడకు తెలియదు. బోల్టు బరువెక్కుతూ వచ్చింది. ఆవిడ పెదవులు కదిపి, కూతురికి వినబడకుండా అడిగింది. "ఏమండీ, పంపించెయ్యనా?"

ఇంకాస్త లాగింది. ఇంకాస్త.

టక్.

ఆవిడ చెయ్యి ఆపింది.

"ఏమడిగావమ్మా?" అంది కూతురు మెల్లగా.

"గోళ్ళరంగు పట్రా."

సీసా అడుగున ఒక్క గీతకు సరిపడా రంగుంది. పళ్ళావిడ మైనం చెక్కేటంత నిదానంగా కుంచె పట్టింది. ఆయన గీసిన మాసిన గీత కింద, తడితడిగా ఎర్రగా, బోల్టు తల మీదనుంచి ఇనుము మీదికి తన గీత గీసింది. అది ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.