నా వంతు రెండు వందల డెబ్భై ఒకటి

ఈ ఉదయం విత్తనం కోసం వేరుశనక్కాయలు ఒలుస్తుంటే బొటనవేలి గోటి కింద చురుక్కుమంది. ఆ నొప్పితో పాటే సుగుణమ్మ టీచర్ గుర్తొచ్చింది. అరవైల మొదట్లో, ఉరవకొండలో మా ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి. ఆదివారం చర్చిలో పాడిన గొంతుతోనే సోమవారం ఎక్కాలు అప్పజెప్పించుకునేది.

నాకు లెక్కలు రావని ఇంటిల్లిపాదీ తేల్చేసిన రోజులవి. అసలు సంగతేమిటంటే, భాగహారం చివర సున్నా రాకపోతే తప్పు చేశానని నా నమ్మకం. శేషం మిగిలిందంటే చాలు, పలక మీదున్నదంతా అరచేత్తో తుడిచేసేదాన్ని. పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి వచ్చేదాన్ని. ఆ ఏడు వానల్లేవు, కూలోళ్లను పెట్టుకునే స్తోమత మాకు లేదు. "లెక్కలు రానిదానికి బడి ఎందుకు? సోమారం నుంచి ఇంటికాడ కాయలు ఒలుచు" అన్నాడు నాయన.

ఆ వారంలోనే టీచర్ నేను పలక తుడవడం చూసింది. తిట్టలేదు. బోర్డు మీద 99991 అని రాసి, "ఇది దేంతోనన్నా శేషం లేకుండా పోతాదేమో అందరం కలిసి చూద్దాం. పోకుంటే ప్రధాన సంఖ్య" అంది. రెండూ మూడూ చూశాక ఆరుతో పని లేదట. మూడు వందల పదహారు దాటాక ఆగిపోవచ్చట. అంతకంటే పెద్దదానితో పోయేదైతే, దాని జోడు చిన్నదిగా ముందే దొరికి ఉండేది. ఎంత శ్రమ తప్పిందోనని నాకు భలే ముచ్చటేసింది. భాగించాల్సిన సంఖ్యలను తలా రెండు మూడు పంచింది. మొద్దునని కాబోలు, నాకు ఒక్కటే ఇచ్చింది: 271.

ఎన్నిసార్లు చేసినా 263 మిగిలింది. తుడవబోతుంటే టీచర్ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పాపా. మిగిలితే మిగిలినాదని చెప్పు."

శుక్రవారం అందరం శేషాలు చదువుతున్నాం. నన్ను బడి మాన్పిస్తున్నానని చెప్పడానికి వచ్చిన నాయన వాకిట్లో నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. లేచి, "రెండు వందల అరవై మూడు మిగిలినాది" అన్నాను. చివరిదాకా ఎవరికీ సున్నా రాలేదు.

"ఇంతమందికీ తప్పేనా టీచరమ్మా?" అన్నాడు నాయన.

"అందరిదీ రైటే అన్నా. ఇది దేంతోనూ పోదని ఇప్పుడు తేలినాది. మీ పాప ఒక్కతి చెయ్యకున్నా తేలేది కాదు."

నాయన బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"సాయంత్రం వచ్చి ఒలుస్తాదిలే" అని వెళ్లిపోయాడు. అంత సంతోషం మళ్లీ నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

తర్వాత నేనూ లెక్కల టీచర్‌నే అయ్యాను. ఆ సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఎందరు పిల్లలకు చెప్పానో. మొదటి నుంచీ నేనొక్కదాన్నే భాగించి చూసుకోవాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు. నా వంతు నేను చేశాను. ఆ తరగతి పిల్లల్లో సగం మంది ఎక్కడున్నారో తెలియదు, కొందరు అసలు ఉన్నారో లేదో. వాళ్లు చేసిన భాగహారాలు నాకు ఈ రోజుకీ నమ్మకమే.