దేవుడి కుండలో నా గుప్పిళ్ళు

మా చిన్నతనంలోనండి... మండపేటలో మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. అది దేవుడి గుప్పెడు. ఆదివారం ఆ కుండ చర్చికి పట్టుకెళ్ళి పాస్టరుగారికి ఇచ్చేసేవాళ్ళం.

నేను చెప్తుంటే మా మనవరాలు టైపు కొడుతోంది. తప్పులుంటే దాన్ని తిట్టండి. ఐదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది మరి...

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా చెల్లి మార్తకి ఐదు. ఇసకతో అన్నం వండి ఆడుకునేది. ఆటలో కూడా ముందో గుప్పెడు ఇసక తీసి కొబ్బరిచిప్పలో వేసి, అమ్మలాగే కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. అది చూసి మా వీధంతా మురిసిపోయేది. రైసుమిల్లులో బస్తాలు మోసి వచ్చిన మా నాన్న దాన్ని భుజం మీద ఎక్కించుకుని, అచ్చం మీ అమ్మేనే అనేవాడు. నేను కింద నడుస్తూ ఉండేవాణ్ణి.

కుళ్ళండీ... దాచుకోవడం ఎందుకు.

నాన్న నన్ను చూసి ఒక్కసారి "వీడు అచ్చం నాలాగే" అనాలి. అంతకంటే ఏం అక్కర్లేదు నాకు. ఆయనలాగే తలకి తువ్వాలు చుట్టాను. ఆయనలాగే దగ్గాను. దగ్గినందుకు అమ్మ మిరియాల కషాయం తాగించింది తప్ప ఎవరూ మెచ్చుకోలేదు.

అప్పుడే సండే స్కూల్లో టీచరమ్మగారు చెప్పారు... పిల్లలు అమ్మానాన్నల్ని చూసి చేసినట్టే మనం దేవుణ్ణి చూసి చెయ్యాలి, ఆయన ఇచ్చినట్టు ఇవ్వాలి అని. దేవుడు కనపడడు కదండీ, ఎలా చూసేది అన్నాను. ఆయన్ని చూసి నడిచేవాళ్ళు మీ ఇంట్లోనే ఉంటారు, వాళ్ళని చూడరా అన్నారావిడ. నేను సగమే విన్నాను. ఇవ్వాలి అన్నదొక్కటే బుర్రకెక్కింది. మార్త ఇచ్చేది ఒక్క గుప్పెడు, అదీ ఇసక. నేను అసలు బియ్యమే ఇచ్చేస్తే...

శనివారం మధ్యాహ్నం అమ్మ బట్టలు ఉతకడానికి కాలవకి వెళ్ళింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. ఒక గుప్పెడు, రెండు, పది... కుండ నిండి పైకి గోపురం లేచేదాకా పోశాను. డబ్బా అడుగున గీరితే వచ్చేన్ని గింజలు మిగిలాయి. నాన్న మళ్ళీ బియ్యం తెచ్చేది సోమవారం.

అమ్మ వచ్చి డబ్బా చూసింది, కుండ చూసింది, నన్ను చూసింది. అందులోంచి నాలుగు గుప్పిళ్ళు వెనక్కి తీసుకోవచ్చుగా అంటారేమో. మా ఇంట్లో ఆ మాటే లేదండి. దేవుడి కుండలో పడ్డ గింజ మనది కాదు.

సాయంత్రం నాన్న వచ్చాక పంచాయితీ. కొడతాడనుకున్నాను. ఎందుకు చేశావురా అన్నాడు. చెల్లికంటే ఎక్కువ ఇద్దామని చేశానని చెప్పేశాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ దేవుడికి ఇచ్చావా... చెల్లికి చూపించావా?"

నేను వెళ్ళి అమ్మ వెనకాల నక్కాను.

ఉన్న కాసిని గింజలతో అమ్మ పల్చగా జావ కాచి, మా ఇద్దరికీ చెరో గిన్నెలో పోసింది. నాన్న ఆ వైపే చూడలేదు. "నాకు ఆకల్లేదే... మిల్లులో తినేసొచ్చా" అన్నాడు అమ్మతో. నేను నమ్మేశాను. గిన్నె ఎత్తి గటగటా తాగేశాను.

మార్త మాత్రం తాగకుండా నాన్న మొహంలోకే చూస్తోంది. కాసేపటికి తన గిన్నె ఆయన ముందుకి తోసింది.

"నాకూ ఆకల్లేదు. మిల్లులో తినేసొచ్చా."

ఐదేళ్ళ పిల్లండి. మిల్లు గుమ్మం కూడా ఎరగదు.

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగిపోయింది. నాన్న నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, దానికో గుక్క పట్టి తనో గుక్క తాగుతూ అన్నాడు... "అబద్ధం కూడా అచ్చం నాలాగే ఆడిందే ఇది."

అయిపోయింది. ఏడాదంతా నేను ఎదురుచూసిన మాట నా కళ్ళముందే దానికి వెళ్ళిపోయింది. భోరుమన్నాను. పాపం, తప్పు తెలిసొచ్చిందనుకుని అమ్మ దగ్గరకి తీసుకుంది. తప్పూ లేదు గిప్పూ లేదు... ఉత్త కుళ్ళు. నాన్న మాట మేమిద్దరం విన్నాం. నేను మాటే విన్నాను, అది నాన్నని చూసింది. టీచరమ్మగారు చెప్పింది అదేనని తెలియడానికి నాకు మీసాలు మొలవాల్సొచ్చింది.

ఇప్పుడు మార్తకి మోకాళ్ళ నొప్పులు, నాకు షుగరు. వాళ్ళింటికి వెళ్తే ఇప్పటికీ పెద్ద చేప ముక్క నా కంచంలో వేసి, తర్వాత తింటాలే అన్నయ్యా అంటుంది. ముసలిదైపోయినా ఒక్కసారి నన్ను గెలవనివ్వదు.

పోనీ మా ఇంట్లో గెలుద్దామంటే ఆ వీలూ లేదండి. ఫ్రిజ్ నిండా తిండే. మొన్న మనవరాలికి ఇష్టమని నా వంతు గారెలు పక్కన పెట్టి, నాకు ఆకల్లేదమ్మా అన్నానా... మా కోడలు పరిగెత్తుకొచ్చి వేలికి సూది గుచ్చి షుగరు చూసింది. ఎవరికీ ఏదీ తక్కువ కాని రోజులొచ్చాయి, మంచిదే. కానీ పస్తుండి పిల్లలకి పెట్టే అదృష్టం మా నాన్నకి దక్కింది, నాకు దక్కలేదు. ఆయన మీద కూడా కుళ్ళే ఇప్పుడు...

మీ ఇంట్లో అమ్మానాన్నల్ని మీకంటే బాగా చూసి నేర్చుకున్న తోడబుట్టినవాళ్ళు ఎవరండి? కింద రాయండి. కుళ్ళుకుంటూ రాసినా పర్లేదు... తోడు నేనున్నాను.