పొట్లం కట్టని బిళ్ళలు

మాచర్లలో నా మందుల షాపు పక్కన బజ్జీల బండి ఉంది. సాయంత్రం బండతను పాత పేపరు పర్రున చింపుతుంటే, రజియా ఆపా పక్కనే నిలబడి కోప్పడినట్టే ఉంటుంది నాకు. ఫార్మసీ చదివాక నేను పని నేర్చుకున్నది నరసరావుపేటలో ఆమె షాపులోనే. ఆమె గొంతు పెద్దది, ఓపిక చిన్నది.

చేరిన కొత్తలో గర్భం రాకుండా వాడే బిళ్ళలు ఎవరడిగినా చప్పున పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇచ్చేసేదాన్ని. వాళ్ళు కళ్ళతోనే అడిగేవాళ్ళు, నేను మాట్లాడకుండానే ఇచ్చేదాన్ని. ఏ షాపులోనైనా అదే మర్యాద. ఆపాకు మాత్రం అది ఒళ్ళుమంట. "దొంగ సరుకా ఏంది చుట్టడానికి? పేరు చెప్పి ఇయ్యి," అనేది. అట్ట మీదున్న లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోను పేరు నాకు నోరు తిరిగేదాకా వదల్లేదు.

ఒకరోజు ఆ బిళ్ళల కోసం రమణమ్మ వచ్చింది. భర్త లారీ డ్రైవరు, నాపరాళ్ళ లోడుతో వెళితే వారాల తరబడి రాడు. రెండో కాన్పులో రక్తం పోయి చావు తప్పి బయటపడిన మనిషి ఆమె. ఇప్పట్లో మళ్ళీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. నేను పొట్లం కట్టబోతుంటే ఆపా నన్ను ఆపి, కౌంటరు ముందున్న మగాళ్ళను కాసేపు బయట నిలబడమంది. బిళ్ళలు ఎలా వేసుకుంటున్నావని రమణమ్మను అడిగింది.

"ఆయన లారీ దిగిన రోజునేగా ఆపా. లేనప్పుడు ఎందుకంట?"

ఆపా నవ్వలేదు, కసరలేదు. "బిళ్ళ లారీకి కాదే, నీ ఒంటికి. ఆయన ఏ ఊళ్ళో ఉన్నా నీ ఒళ్ళు దాని పని అది చేసుకుంటానే ఉంటది. రోజూ ఏసుకుంటేనే ఈ మందు కాపాడుద్ది."

వెంటనే పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ దగ్గరకు పంపింది. ఆమె తిరిగొచ్చేదాకా ఆపా టీ కూడా ముట్టలేదు. గర్భం లేదని తెలిశాక నాకు ఏడుపొచ్చింది, ఆపాకు కోపమొచ్చింది. ఇంతమందికి ఇస్తున్నాం, ఒక్కరినైనా అడిగామా అని తనను తానే తిట్టుకుని, నల్ల కవర్ల కట్టను చెత్తబుట్టలో పడేసింది.

కొన్నాళ్ళకు రమణమ్మ భర్తే షాపుకొచ్చాడు. భార్య రోజూ వేసుకునే బిళ్ళలు కావాలని పేరు చెప్పి మరీ అడిగాడు. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి పేపరు వైపు పోయింది.

"చుట్టబాకమ్మా," అని, అట్టను చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకుని వెళ్ళాడు. ఆ పూటంతా ఆపా ముఖంలో నవ్వు చెరగలేదు.

ఆపా ఇప్పుడు లేదు. నా షాపులో ఎవరైనా గొంతు తగ్గించి ఆ బిళ్ళలు అడిగితే, ఎలా వేసుకుంటున్నావమ్మా అని అడిగి, చెప్పేదంతా విన్నాకే చేతికిస్తాను. పాత పేపర్లన్నీ బజ్జీల బండికి ఇచ్చేస్తాను.