ఆయన మెడకు ఎడమ పక్క

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. వినుకొండ దగ్గర హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్నాను. పాడుబడిన జిన్నింగు మిల్లులో ఏవో అరుపులు వినిపించాయని పిల్లలు చెబితే, గబ్బిలాల పాఠం తీసి కూర్చోబెట్టేదాన్ని. నాకున్న జబ్బు భయం కాదు, అసూయ. అదీ చనిపోయిన మనిషి మీద.

మా ఆయనకు నేను రెండో భార్యను. మొదటి ఆవిడ సుశీల పెళ్ళయిన ఆరేళ్ళకు జ్వరంతో పోయింది. నేను ఆవిడను చూడనైనా చూడలేదు. అయినా ఆ ఇంట్లో పప్పులో పోపు దగ్గర్నుంచి పెరట్లో కనకాంబరాల దాకా అన్నీ ఆవిడ పద్ధతే.

మా వైపు కొన్ని ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. రెండో భార్య మెడలో సూత్రాలతో పాటు, పోయిన ఆవిడ పేరున ఒక చిన్న బంగారు బిళ్ళ కూడా కడతారు. అత్తయ్య నాకూ కట్టింది. మూడేళ్ళు మోశాను. ఒకసారి నిద్రలో ఆయన "సుశీలా" అన్నారు. మర్నాడే బిళ్ళ తీసి బీరువాలో పాత పట్టుచీర మడతలో పెట్టేశాను. అత్తయ్య అడిగితే కొక్కెం విరిగిందన్నాను. అబద్ధం.

మరో ఏడేళ్ళకు ఆయనకు లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. మందులు ఎక్కించినన్నాళ్ళూ పక్కన ఉన్నది నేను. వాంతులు ఎత్తింది నేను. దిండు మీద ఊడిన జుట్టు ఏరింది నేను. సుశీల కాదు.

చికిత్స అయ్యాక, జబ్బు పూర్తిగా పోయిందో లేదో చూడ్డానికి గుంటూరులో పెట్ స్కాన్ తీయించాం. మే నెల. రోడ్డు మీద చెప్పులు కూడా కాలుతున్నాయి. పైగా ఆ రోజు వెయిటింగ్ గదిలో ఏసీ పనిచేయలేదు. ఫ్యాను కింద ఇద్దరం చెమటతో తడిసిపోయాం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

స్కాన్‌లో ఆయన మెడ ఎడమ పక్క భుజం దాకా వెలిగిపోతోంది. జబ్బున్న చోట అలా వెలుగుతుందని విని ఉన్నాను, తిరగబెట్టిందనే అనుకున్నాను. డాక్టరు గారు చాలాసేపు చూసి, గడ్డలేమీ కనబడడం లేదు, అది బ్రౌన్ ఫ్యాట్ అన్నారు. చలి వేసినప్పుడు ఒంట్లో వేడి పుట్టించే కొవ్వు. చలిదేశాల వాళ్ళ స్కానుల్లో తరచూ కనిపిస్తుందట. మన ఎండల్లో అరుదట.

"మీవారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఏమైనా పనిచేస్తారా అమ్మా?"

"లేదండీ. మిరప, పత్తి వేస్తాం. ఎప్పుడూ ఎండలోనే ఉంటారు. ఇంట్లో ఏసీ కూడా లేదు."

"మామూలుగా రెండు పక్కలా వెలుగుతుంది. ఒక్క పక్కే ఎందుకో..." అన్నారు. దాని చాటున ఏమైనా ఉందేమో తేల్చుకోవడానికి, మూడు వారాలాగి, ఒళ్ళు వెచ్చగా ఉంచి మళ్ళీ తీద్దామన్నారు.

ఇంటికి వచ్చాక అత్తయ్యతో మెడ దగ్గర ఏదో కనిపించిందని మాత్రం చెప్పాను. ఏ పక్కో చెప్పలేదు.

"ఎడం పక్కేనా?" అంది అత్తయ్య. "సుశీలకి మిరపకాయలు కోసొస్తే చేతులు భగ్గున మండేయమ్మా. కుండలో ముంచుకుని, ఆ చల్లటి చెయ్యి తీసుకెళ్ళి వాడి మెడ మీద పెట్టేది. ఎప్పుడూ ఎడం పక్కే. వీడు ఉలిక్కిపడితే పకపకా నవ్వేది."

నాకు భయం వేయాలి కదా. ఒళ్ళు మండింది. పదేళ్ళుగా ఆ మనిషి పక్కన ఉన్నది నేను. నేను ఎన్నిసార్లు చెయ్యి వేశానో ఆ మెడ మీద! నా చేతికి మాత్రం అది వెలగలేదు.

అప్పటికప్పుడు బీరువా తెరిచి, పట్టుచీర మడతలోంచి బిళ్ళ తీసి సూత్రాల పక్కన కట్టుకున్నాను. భక్తితో కాదు. ఉంటే నా దగ్గర ఉండు, ఆయన జోలికి రాకు అనుకుంటూ కట్టుకున్నాను.

రెండోసారి స్కాన్‌కు ముందు ఆయనకు దుప్పటి కప్పి కూర్చోబెట్టారు, ఆ కొవ్వు వెలగకుండా ఒక మాత్ర ఇచ్చారు. ఈసారి మెడ మీద ఏ వెలుగూ లేదు. జబ్బూ లేదు. డాక్టరు గారు దుప్పటీ, మాత్రా పనిచేశాయన్నారు. అదే అయి ఉంటుంది. క్లాసులో అడిగితే నేనూ అదే చెబుతాను.

కానీ ఒళ్ళంతా చెమట కారుతున్న మనిషికి మెడ మీద ఒక్క పక్కే చలి ఎలా వేసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఎడం పక్కేనని అత్తయ్య ఎలా చెప్పగలిగిందో కూడా తెలియదు.

ఆయన ఇప్పుడు బాగున్నారు, మళ్ళీ చేలోకి వెళ్తున్నారు. బిళ్ళ నా మెడలోనే ఉంది. పక్కనున్న సూత్రాలు ఒంటి వేడికి వెచ్చబడతాయి. ఇది మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది. తీసేద్దామని ఎన్నోసార్లు చెయ్యి పైకి వెళ్ళింది. తీస్తే ఆవిడ ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. అందుకే తీయను.